థర్మామీటర్ 16 చూపిస్తుంటే చేతులెందుకు కొంకర్లు పోతాయి? సీమ రోడ్ల మీద బైకు చలి

క్లుప్తంగా: కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 16 నుంచి 19 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అయినా తెల్లవారుజామున బైకు మీద వెళ్లేవాళ్లు గజగజలాడిపోతారు. దానికి గాలి చల్లదనం కన్నా ఆ గాలి ఒంటికి తగిలే వేగమే పెద్ద కారణం. అందుకే మందపాటి ఉన్ని కన్నా గాలిని ఆపే పల్చటి పొర ఎక్కువ పని చేస్తుంది. ముందుగా కాపాడుకోవాల్సినవి వేళ్లు, ఛాతీ, మెడ.

వార్తల్లో అంకె వేరు, రోడ్డు మీద చలి వేరు

ఏటా డిసెంబరు రాగానే టీవీల్లో చలి వార్తలు మొదలవుతాయి. లంబసింగిలో ఇంత, అరకులో ఇంత, ఆదిలాబాద్‌లో ఇంత అని అంకెలు వస్తుంటాయి. ఆ వరుసలో కర్నూలు, అనంతపురం, కడప పేర్లు వినపడేది తక్కువ. వినపడినా 16, 17, 18 అనేసరికి ‘ఇదీ ఒక చలేనా’ అనిపిస్తుంది. ఎండలకు పేరుపడ్డ సీమలో చలి గురించి మాట్లాడటమే కొందరికి వింత.

అయితే ఆ 17 డిగ్రీల్లోనే చీకటితో బైకు బయటికి తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. వేలం మొదలయ్యేలోపు కర్నూలు మార్కెట్ యార్డుకు చేరాలనుకునే రైతులు, అనంతపురం పక్కన కక్కలపల్లి టమోటా మండీకి వెళ్లేవాళ్లు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో పొద్దుటి షిఫ్టు ఎక్కేవాళ్లు, బండికి రెండువైపులా క్యాన్లు తగిలించుకున్న పాలవాళ్లు, ఇంటింటికీ పేపర్లు వేసే కుర్రాళ్లు. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదన్న మాట లంబసింగికే కాదు, సీమకూ సరిపోతుందని వీళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

వాతావరణ శాఖ లెక్కలో మాత్రం ఇది చలిగాలుల కిందికి రాదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకన్నా కిందికి గానీ పడిపోవాలి, ఆ కాలానికి మామూలుగా ఉండేదాని కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గాలి. అప్పుడే చలిగాలులని ప్రకటిస్తారు. సీమ పట్టణాల్లో అలాంటి రోజులు అరుదు. పైగా ఆ ఉష్ణోగ్రతను కొలిచే థర్మామీటర్ ఒక చెక్కపెట్టెలో, ఎండా ఎదురుగాలీ నేరుగా తగలకుండా, మనిషి ఎత్తుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అది చెప్పేది గాలి ఎంత చల్లగా ఉందన్నది. ఆ గాలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్న మనిషి ఒళ్లు ఎంత వేడిని పోగొట్టుకుంటోందన్నది దాని పని కాదు. రెండు అంకెల్నీ ఒకటిగా చూడటం దగ్గరే గందరగోళమంతా మొదలవుతోంది.

పగలు 30, తెల్లవారితే 16

సీమ చలికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక్క రోజులోనే ఎండాకాలం, చలికాలం రెండూ కనపడతాయి. జనవరిలో కర్నూలులో మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటుతుంది. అదే రోజు తెల్లవారుజామున 16, 17 ఉంటుంది. కోస్తాలో ఈ తేడా ఇంత ఉండదు. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ, ఆకాశంలో మబ్బు ఎక్కువ. రాత్రి నేల వదిలే వేడిని ఆ తేమ కొంతవరకు పట్టి ఉంచుతుంది. అనంతపురం వైపు అలా పట్టి ఉంచేదేమీ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక గాలి పొడిబారుతుంది, ఆకాశం తేటపడుతుంది. పగలు కాగిన ఎర్రనేల, బండరాయి రాత్రంతా వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తాయి.

ఇది రాత్రి పన్నెండుకు ఆగిపోయే పని కాదు, సూర్యుడు వచ్చేదాకా సాగుతూనే ఉంటుంది. కాబట్టి రోజు మొత్తంలో చల్లటి ఘడియ అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి అటూఇటూ ఉన్న కాస్త సమయం. జనవరి నడుమ కర్నూలు, అనంతపురాల్లో సూర్యోదయం సుమారు 6.45కు. అంటే ఐదున్నర నుంచి ఏడు దాకా బండి మీద ఉండేవాళ్లు సరిగ్గా చలి పతాకస్థాయిలో ఉన్నప్పుడే రోడ్డు మీద ఉంటున్నారు. పని వీలిచ్చేవాళ్లు ఎనిమిదికి బయల్దేరితే సగం సమస్య దానంతటదే పోతుంది. పాలు, పేపరు, షిఫ్టు ఆ వీలు ఇవ్వవు.

మూడు ఊళ్ల మధ్యా తేడా ఉంది. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది, కడప 140 మీటర్ల లోపే. ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీలకు పైగా తగ్గే లెక్కన చూసినా ఈ ఒక్క కారణంతోనే అనంతపురం ఒక డిగ్రీకి పైగా చల్లగా ఉండాలి. అందుకే కడప టౌన్‌లో చలి కాస్త మెతక. కానీ కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే సంగతి మారిపోతుంది.

ఊరి ఉష్ణోగ్రత ఒకటైనా దారి పొడవునా అది ఒకేలా ఉండదు. చల్లగాలి బరువెక్కువ కాబట్టి గాలి ఆడని రాత్రుల్లో అది పల్లానికి జారి నిలిచిపోతుంది. వంక మీది కల్వర్టు దగ్గర, కుందూ నది ఒడ్డున, కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద వరిమళ్ల పక్కన ఉన్నట్టుండి ఒక చలి మడుగులోకి దిగినట్టు ఉండేది అందుకే. నంద్యాల వైపు ఆ మడుగులోనే పొగమంచు కూడా ఉంటుంది. అక్కడ వేగం తగ్గించాల్సిన అసలు కారణం చలి కాదు, ఎదురుగా ఏమొస్తోందో కనపడకపోవడం.

వేగం చేసే పని

నిలబడి ఉన్న మనిషి ఒంటి చుట్టూ పల్చటి వెచ్చటి గాలి పొర ఒకటి ఉంటుంది. ఒంటి వేడితోనే అది వెచ్చబడుతుంది. గాలి కదలనంతసేపూ అదే ఒక దుప్పటి. ఎదురుగాలి తగిలితే ఆ పొర కొట్టుకుపోయి, దాని చోట చల్లగాలి వస్తుంది. ఒళ్లు దాన్నీ వెచ్చబరచాలి. అదీ పోతుంది. బైకు మీద ఇది సెకనుకు కొన్నిసార్లు జరుగుతుంది.

ఈ నష్టాన్ని అంకెల్లో చెప్పడానికి అమెరికా, కెనడా వాతావరణ సంస్థలు 2001లో ఒక సూత్రాన్ని అమల్లోకి తెచ్చాయి. దాని ప్రకారం గాలి 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల గాలిలో ముఖానికి 7.4 డిగ్రీలంత చలి తెలుస్తుంది. 40 దగ్గర 6, 60 దగ్గర 5, 80 దగ్గర 4.4. ఈ సూత్రం 10 డిగ్రీలకు, అంతకన్నా చల్లటి గాలికి మాత్రమే. బట్ట కప్పని ముఖానికి మాత్రమే. సీమలోని 16 డిగ్రీలకు దీన్ని పట్టుకొచ్చి ‘బైకు మీద ఇన్ని డిగ్రీలు’ అని తేల్చే వాట్సాప్ పట్టికల్ని అందుకే నమ్మడానికి లేదు.

అంకెలు పక్కన పెట్టి వాటి వరసను చూస్తే ఒక విషయం తేలుతుంది. దెబ్బలో దాదాపు సగం మొదటి 20 కిలోమీటర్ల వేగంలోనే ఉంది. ఆ తర్వాత వేగం పెరిగే కొద్దీ చలి పెరుగుతుంది గానీ అదే మోతాదులో కాదు. కాబట్టి చలేస్తోందని 60 నుంచి 40కి తగ్గితే ముఖానికి మిగిలేది ఒక్క డిగ్రీ. ప్రయాణ సమయం మాత్రం ఒకటిన్నర రెట్లవుతుంది. బట్ట కప్పని చర్మం వరకు చూస్తే నెమ్మదిగా పోవడం వల్ల వేడి మిగలదు, చలిలో ఉండే సమయమే పెరుగుతుంది. బట్టల విషయంలో లెక్క ఇలా ఉండదు. అది కాసేపట్లో.

ఇంకో అపోహ కూడా ఉంది. గాలి ఎంత వేగంగా తగిలినా ఏ వస్తువునూ గాలి కన్నా చల్లగా చేయలేదు, అది తడిగా ఉంటే తప్ప. 16 డిగ్రీల గాలిలో పెట్రోలు ట్యాంకు 16 దగ్గరే ఆగుతుంది. చలి ‘పెరగడం’ అనేది వెచ్చటి ఒంటికే, అదీ వేడి పోయే వేగం పెరగడమే. అందుకే ఒళ్లు తడవని ఆరోగ్యవంతుడికి సీమ చలిలో ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి దాదాపు రాదు. వచ్చే ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది.

ఒళ్లు ఊరికే కూర్చుంటుంది, వేళ్లు బిగుసుకుంటాయి

అదే చలిలో, అదే రోడ్డు పక్కన చేలో పార పట్టుకున్న మనిషికి చెమట పడుతుంది. సైకిలు తొక్కేవాడు కిలోమీటరు దాటేసరికి వెచ్చబడతాడు. బైకు మీదున్నవాడు మాత్రం వణుకుతాడు. తేడా కండరాల్లో ఉంది. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, ఒక పాతకాలపు పెద్ద బల్బుంత. బైకు నడపడం దాన్ని పెద్దగా పెంచదు. సైకిలు తొక్కితే అది కొన్ని రెట్లవుతుంది. అంటే బైకు మీద గాలి సైకిలు కన్నా మూడింతలు, పుట్టే వేడి అందులో కొంతే.

వేడి చాలనప్పుడు ఒళ్లు ఒక నిర్ణయం తీసుకుంటుంది. గుండె, మెదడు ఉన్న చోటును 37 డిగ్రీల దగ్గర నిలపడానికి చేతులకు, కాళ్లకు పోయే రక్తనాళాల్ని బిగిస్తుంది. వేళ్లకు వెచ్చటి రక్తం తగ్గుతుంది. వేలు సన్నటిది, దాని పరిమాణంతో పోలిస్తే పైచర్మం చాలా ఎక్కువ, లోపల వేడి పుట్టించే కండరం దాదాపు లేదు. అది ఇట్టే చల్లబడుతుంది. వేలి చర్మం 15 డిగ్రీల కిందికి పోతే చురుకు తగ్గడం మొదలవుతుందని వైద్యశాస్త్రం చెబుతుంది. ముందు బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతుంది, తర్వాత స్పర్శ మొద్దుబారుతుంది.

బైకు మీద వేళ్ల పనే బ్రేకు, క్లచ్చు. గంటకు 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బిగుసుకున్న వేళ్లు బ్రేకు పట్టడానికి అరసెకను ఆలస్యం చేసినా బండి మరో ఎనిమిది మీటర్లు ముందుంటుంది. అడ్డొచ్చిన గొర్రెల మంద ముందు ఆగడానికీ మందలోకి దూసుకుపోవడానికీ మధ్య దూరం అంతే. మొద్దుబారిన వేళ్లకు ఎంత గట్టిగా పట్టామన్నదీ తెలియదు. సరిగ్గా పడాల్సిన ముందు బ్రేకు ఒక్కసారిగా బిగిసి చక్రం జారుతుంది. భుజాలు ముడుచుకుని, మోచేతులు పక్కలకు నొక్కుకుని కూర్చోవడం వల్ల హ్యాండిల్ తిప్పడమూ మందగిస్తుంది. చలిలో యాక్సిడెంట్ అనగానే పొగమంచునే అనుకుంటాం. ఈ వేళ్ల సంగతి లెక్కలోకి రాదు.

స్వెట్టర్ ఎందుకు ఓడిపోతుంది

సీమలో చలికాలపు బైకు వేషం దాదాపు ఒకటే. చొక్కా మీద అల్లిన స్వెట్టర్, తలకు మంకీ క్యాప్, మెడకు టవల్. ఇంట్లో కూర్చుంటే ఇది చాలా వెచ్చన. బండి స్టార్టయ్యాక పది నిమిషాలకు స్వెట్టర్ ఉన్నా లేనట్టే అవుతుంది.

ఉన్ని తనంతట తాను వేడి పుట్టించదు. దాని నూలు సందుల్లో చిక్కుకున్న కదలని గాలే వెచ్చదనం ఇస్తుంది. ఎదురుగాలి ఆ సందుల్లోంచే లోపలికి దూరి నిలిచిన గాలిని తరిమేస్తే మిగిలేది జల్లెడ. గాలి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 40 దగ్గర అది ఛాతీ మీద చదరపు మీటరుకు ఏడెనిమిది కిలోల బరువుతో నెట్టినట్టు ఉంటే, 60 దగ్గర 17 కిలోలవుతుంది. ఇందాకటి లెక్క మారేది ఇక్కడే. ముఖానికి 40కీ 60కీ తేడా ఒక డిగ్రీయే. స్వెట్టర్‌లోంచి గాలిని తోసే బలం మాత్రం రెండింతలు దాటుతుంది. ఒంటి మీద స్వెట్టర్ తప్ప ఇంకేమీ లేనివాడికి నెమ్మదిగా పోవడం నిజంగానే పనికొస్తుంది. గాలిని ఆపే పొర వేసుకున్నవాడికి దాని వల్ల ఒరిగేది తక్కువ.

ఆ పొర ఖరీదైనది కానక్కర లేదు. ఇంట్లో మూలన పడున్న రెయిన్‌కోటు స్వెట్టర్ మీద వేసుకుంటే, రెండూ కలిసి మందపాటి కొత్త స్వెట్టర్ కన్నా బాగా పని చేస్తాయి. లోపల ఉన్ని గాలిని పట్టి ఉంచుతుంది, పైన ప్లాస్టిక్ దాన్ని కదలనివ్వదు. వరస తిరగేస్తే, అంటే రెయిన్‌కోటు లోపల, స్వెట్టర్ బయట అయితే, సగం లాభం పోతుంది. రెయిన్‌కోటులో చెమట లోపలే ఉండిపోతుందన్న మాట నిజమే. కానీ బైకు మీద చెమట పట్టేంత శ్రమ లేదు, గంటలోపు ప్రయాణాలకు అది ఇబ్బంది కాదు. పొద్దెక్కాక విప్పి మడిచి సీటు కింద పెట్టేయొచ్చు. మధ్యాహ్నం 30 డిగ్రీలకు పోయే ఊళ్లో ఈ సౌకర్యం చిన్నది కాదు. రోజుకు రెండు గంటల చలి కోసం, ఏడాదికి రెండు నెలల చలి కోసం, వేలు పోసి రైడింగ్ జాకెట్ కొనమంటే ఎవరు కొంటారు?

డోన్ దగ్గర హైవే టీ కొట్టు ముందు పొద్దున ఆగే బండ్లను గమనిస్తే జనం ఈ శాస్త్రాన్ని ఎప్పుడో పట్టుకున్నారని తెలుస్తుంది. జర్కిన్‌ను తిరగేసి, జిప్పు వీపు మీదికి వచ్చేలా తొడుక్కున్నవాళ్లు కనపడతారు. చూడటానికి నవ్వొస్తుంది గానీ లెక్క పక్కా. జిప్పు పళ్ల సందుల్లోంచి, కాలర్ తెరుచుకున్న చోటి నుంచి దూరే గాలే ఛాతీకి తగిలే గాలిలో పెద్ద భాగం. తిరగేస్తే ముందువైపు అతుకు లేని బట్ట అవుతుంది. ఒకే చిక్కు, బిగుతు జర్కిన్ అయితే భుజాలు పట్టేసి హ్యాండిల్ తిప్పడానికి అడ్డం పడుతుంది. చొక్కాకూ స్వెట్టర్‌కూ మధ్య పాత పేపర్ మడతలు పెట్టుకోవడమూ అలాంటిదే. పేపరు గాలిని దూరనివ్వదు, మడతల మధ్య కాస్త గాలిని పట్టి ఉంచుతుంది. పేపర్లు వేసే కుర్రాళ్లకు దాని ఖర్చు కూడా లేదు.

కంబళి సంగతి వేరు. గొర్రెల పెంపకం ఎక్కువున్న అనంతపురం వైపు ముతక ఉన్నితో నేసిన కంబళి పల్లెల్లో ఇంకా కనపడుతుంది. దట్టంగా నేసినది కాబట్టి అల్లిన స్వెట్టర్ కన్నా గాలిని బాగా ఆపుతుంది, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. అయితే అది గొర్రెల కాపరి నిలబడి కప్పుకునేందుకు పుట్టింది. బైకు మీద కప్పుకుంటే కొసలు ఎగురుతాయి. చైనులోనో చక్రంలోనో పడితే చలి సంగతి ఎవరికీ గుర్తుండదు. శాలువా, చున్నీ, పొడుగు టవల్ అన్నింటికీ ఇదే. కప్పుకోవాలంటే కొసలు జర్కిన్ లోపలికి దోపాలి.

మెడ చిన్న చోటే గానీ అక్కడి నుంచే గాలి చొక్కాలోకి దిగుతుంది. మెడ చుట్టూ బిగుతుగా కట్టిన చిన్న రుమాలు, వదులుగా వేలాడే పెద్ద టవల్ కన్నా మేలు. మోకాళ్ల మీద కండ, కొవ్వు తక్కువ. ఎదురుగాలి నేరుగా తగిలేదీ అక్కడే. స్కూటర్ ముందున్న రేకు కాళ్లకు చాలావరకు అడ్డు పడుతుంది. బైకుకు ఆ అడ్డు లేదు, ఇంజన్ వేడి పిక్కలకు మాత్రం కాస్త తగులుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవాళ్లకు ఆ వేడీ ఉండదు.

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ముసురు పడినప్పుడు మాత్రం పైన చెప్పినవన్నీ తలకిందులవుతాయి. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడి బట్ట మీద గాలి కొడితే ఆవిరవుతూ ఇంకా లాగుతుంది. 22 డిగ్రీల ముసురులో తడిసిన మనిషి 16 డిగ్రీల పొడి చలిలో పోయేవాడి కన్నా ఎక్కువ వణకొచ్చు. ఇలా తడిసినప్పుడు ఆగి ఆరబెట్టుకోవడం తప్ప మార్గం లేదు.

చేతులకు ఏది పని చేస్తుంది

ఒంటికి రెయిన్‌కోటు దొరికినంత తేలిగ్గా చేతులకు పరిష్కారం దొరకదు. వేళ్లు కదలాలి, లివర్ తెలియాలి. మందపాటి ఉన్ని గ్లవ్‌తో రెండూ కష్టమే, పైగా స్వెట్టర్‌లాగే దాని సందుల్లోంచీ గాలి దూరుతుంది. బిగుతు గ్లవ్ ఇంకా చెడ్డది. వేళ్లను నొక్కి, తగ్గిన రక్తాన్ని మరింత తగ్గిస్తుంది. లోపల వేళ్లు ఆడేంత వదులుండి, పైన తోలు గానీ గాలి దూరని బట్ట గానీ ఉన్న గ్లవ్ సరైనది. అది లేనప్పుడు పల్చటి నూలు గ్లవ్ మీద ఆస్పత్రుల్లో వాడే రబ్బరు గ్లవ్ వదులుగా తొడిగినా గాలి ఆగుతుంది. దాని పట్టు జారకుండా ఉందో లేదో ఇంటి దగ్గరే లివర్ పట్టి చూసుకోవాలి.

గాలి చేతిదాకా రాకుండా ముందే ఆపడం వీటన్నిటికన్నా మంచి మార్గం. హ్యాండిల్‌కు తొడిగే సంచిలాంటి కవర్లు, లివర్ ముందు బిగించే ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డులు చేసేది ఇదే. సంచి కవర్ వెచ్చగా ఉంటుంది గానీ చెయ్యి లోపలికీ బయటికీ పోవడానికి క్షణం పడుతుంది, హారన్, ఇండికేటర్ బటన్లు తడుముకోవాలి. హ్యాండ్‌గార్డు అంత వెచ్చన కాదు, చెయ్యి మాత్రం స్వేచ్ఛగా ఉంటుంది. ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు గార్డు, హైవే మీద తిన్నగా పోయేవాళ్లకు కవర్ నయం. కరెంటుతో వెచ్చబడే గ్రిప్పులు పెద్ద బండ్లకు బాగుంటాయి. వందసీసీ బండిలో కరెంటు తయారీ అంతంతమాత్రం, రాత్రి లైటు వెలగాలి, బ్యాటరీ నిండాలి. వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇవేవీ లేనివాళ్లు ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకునో, వంగి ఇంజన్ దగ్గర కాచుకునో కుడిచేత్తో బండి నడపడం పొద్దున్నే ఏ రోడ్డు మీదైనా కనపడుతుంది. ఆ సమయంలో క్లచ్చు లేదు, సగం హ్యాండిల్ లేదు. రెండు నిమిషాలు పక్కకు ఆగి చేతులు చంకల్లో పెట్టుకుంటే వచ్చే వెచ్చదనం దీనికన్నా ఎక్కువ. చేతులు బార్లా చాపి భుజం నుంచి గుండ్రంగా తిప్పితే రక్తం వేళ్ల చివరికి ఇంకా త్వరగా చేరుతుంది. ఇంకో సంగతి, వేళ్లు చల్లబడటానికి కారణం తరచూ ఛాతీ చల్లబడటమే. ఛాతీకి అడ్డు పెడితే, అదే గ్లవ్‌లో వేళ్లు ఇంకాసేపు వెచ్చగా ఉంటాయి.

మంకీ క్యాప్, హెల్మెట్, అద్దం మీద ఆవిరి

చలికాలంలో చాలామంది మంకీ క్యాప్ పెట్టుకుని హెల్మెట్ వదిలేస్తారు. రెండూ కలిపి పట్టవన్నది వాళ్ల వాదన. ముఖం మొత్తం మూసే హెల్మెటే అసలు చలికి మంచి అడ్డు. గట్టి పెంకు, లోపల నురుగు, ముందు అద్దం, మూడూ గాలిని ఆపేవే. దానికింద మందపాటి అల్లిక టోపీ పెడితే హెల్మెట్ తలకు సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు జారుతుంది. పల్చటి నూలు ముసుగు చాలు. హెల్మెట్ ఎలాగూ మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారికీ వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి.

అద్దం దించితే ఆవిరి పట్టడం నిజమైన ఇబ్బందే. ఊపిరి వెచ్చగా, తేమగా వస్తుంది, అద్దం చల్లగా ఉంటుంది, తేమ సన్నటి చుక్కలుగా పట్టేస్తుంది. ముక్కు మీంచి కట్టిన రుమాలు ఊపిరిని పైకి తోసి దీన్ని ఇంకా పెంచుతుంది. రుమాలు పైఅంచు ముక్కుకు బిగుతుగా, కింది అంచు వదులుగా ఉంటే ఊపిరి కిందికి పోతుంది. అద్దం లోపలివైపు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రాసి మెత్తటి గుడ్డతో తుడిచేస్తే తేమ చుక్కలు కట్టకుండా పల్చగా పరుచుకుంటుంది, చూపు ఆగదు. కొన్ని రోజులకొకసారి మళ్లీ రాయాలి.

టీ, మందు, మంట

దారిలో టీ వెచ్చబరుస్తుందన్నది సగం నిజం. మన కొట్లలో ఇచ్చే చిన్న గ్లాసు టీ మోసుకొచ్చే వేడి, ఒళ్లు తనంతట తాను ఒక నిమిషంలో పుట్టించే వేడికి కాస్త ఎక్కువ. అసలు లాభం ఆగడంలో ఉంది. గాలి తగలని ఐదు నిమిషాలు, నాలుగడుగుల నడక, గ్లాసు చుట్టూ వేళ్లు. మందు దానికి పూర్తిగా తిరగబడిన కథ. అది చర్మం కింది నాళాల్ని తెరుస్తుంది, వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. బండి నడిపేవాడికి అది వద్దనడానికి అసలు కారణం వేరే ఉందనుకోండి.

మొద్దుబారిన చేతుల్ని చలిమంటకో సైలెన్సర్‌కో దగ్గరగా పెట్టడం ప్రమాదం. కాలుతున్నట్టు తెలియదు. షుగర్ వల్ల అరికాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లటి పొడి గాలి నేరుగా పీల్చడమే ఆయాసం తెప్పిస్తుంది. వాళ్లకు ముక్కు మీది రుమాలు చలికోసం కాదు, ఊపిరి కోసం.

ముందు కూర్చున్న బిడ్డ

వెనక కూర్చున్నవారికి నడిపేవాడి వీపే గోడ. ఛాతీకి గాలి తగలదు, మోకాళ్లకు, చేతులకు తగులుతుంది. ట్యాంకు మీదో, స్కూటర్ ముందు నిలబెట్టో తీసుకెళ్లే పిల్లల పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. నాన్నకు తగలాల్సిన గాలంతా మొదట వాళ్లకే తగులుతుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే పైచర్మం ఎక్కువ, వేడి పెద్దవాళ్ల కన్నా త్వరగా పోతుంది. స్కూలు టైముకు ఎండ రాకముందే ఇరవై నిమిషాలు అలా కూర్చున్న బిడ్డ ఏడవకపోవచ్చు, ముడుచుకుని నిద్రపోతున్నట్టు ఉండొచ్చు. అది సుఖనిద్ర అనుకోవడం పెద్దల పొరపాటు.

నాలుగేళ్లలోపు పిల్లల్ని బైకు మీద తీసుకెళ్లేటప్పుడు పెద్దవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ కేంద్రం 2022 ఫిబ్రవరిలో తెచ్చిన నిబంధనలు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్నాయి. అవి పుట్టింది ప్రమాదాల కోసమే అయినా చలికీ పనికొస్తాయి. బెల్టుతో వెనక కట్టుకున్న బిడ్డ పెద్దవారి వీపు చాటున ఉంటుంది, హెల్మెట్ చెవుల్ని కప్పుతుంది. బెల్టు పట్టీలు జర్కిన్ పైనుంచే రావాలి. లోపల మరీ ఉబ్బు స్వెట్టర్ తొడిగితే బెల్టు బిగిసినట్టే కనపడి వదులుగా ఉండిపోతుంది. కాబట్టి బిడ్డకూ అదే వరస, లోపల పల్చటి ఉన్ని, పైన గాలి దూరని పొర.